ఐజాక్ తప్పు

సీతారామారావు పెదకర్మ అయిన మర్నాడు ఐజాక్ తిరువూరు వచ్చాడు. బెజవాడలో ఒక ట్రావెల్స్‌లో టూర్ మేనేజరు. ఇరవై ముగ్గురిని ఈజిప్టు తీసుకెళ్లి ఇరవై ఇద్దరిని వెనక్కి తెచ్చినవాడు.

వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. అతణ్ణి చూడగానే చుట్టాలు మాటలు ఆపేశారు. ఎవరూ కూర్చోమనలేదు.

"తలలు లెక్కపెట్టుకోవాల్సింది నేనేనండి" అన్నాడు, నేల చూస్తూ.

ఈజిప్టులో ఆ సాయంత్రం ఎడారి చూసి వస్తూ దారిలో బస్సు ఆపారు. మగాళ్లు తలో దిక్కూ వెళ్లారు. అంతలో ఇసుకగాలి లేచింది. డ్రైవరు తొందరపెట్టాడు. అందరూ మొహాలకి తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని గబగబా ఎక్కేశారు. సీతారామారావు ఒక్కడే దిబ్బ వెనక ఉండిపోయాడు. హోటలుకి చేరాకగానీ ఆయన లేడని తేలలేదు. మూడో రోజున రోడ్డుకి ఎంతో దూరంలో శవం దొరికింది.

భార్య నాగేశ్వరమ్మది బస్సులో చివరి సీటు. నిద్రపోయాననీ, ఆయన ముందు పేకాట వాళ్లతో కూర్చున్నాడనుకున్నాననీ అక్కడి పోలీసులకి చెప్పింది. ఆమెకి ఎడమ చెవి వినపడదు, పెళ్లయిన రెండో ఏటి నుంచీ. పాపం, ఆ చెవే బాగుంటే ఆయన కేక వినేదని ఊళ్లో అనుకున్నారు.

"సీతారామారావుకి నోరూ చెయ్యీ దురుసేగానీ మనసు వెన్న" అంది ఒక పెద్దావిడ. "పెళ్లాన్ని ఈజిప్టు తిప్పిన మగాడు మనవాళ్లలో ఇంకెవడున్నాడు?"



మరిది గిరిబాబు ప్లీడరు రాసిచ్చిన కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఐజాక్ మీద కేసు.

"సంతకం పెట్టు వదినా. ఇతను జైలుకి వెళ్తేగానీ అన్నయ్య ఆత్మ శాంతించదు."

ఐజాక్ అడ్డుచెప్పలేదు. ఉద్యోగం ఎలాగూ పోయింది. గేటు బయట ఆటోలో అతని భార్య చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని ఇటే చూస్తోంది.

నాగేశ్వరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. తలెత్తి ఐజాక్‌ని అడిగింది.

"అన్నం తిన్నావా నాయనా?"

అతను అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"ఇతని తప్పేం లేదు గిరీ. కేసు వద్దు."

గిరిబాబు మండిపడ్డాడు. ఊరు నవ్వుతుందన్నాడు. పరాయివాడి మీద అంత జాలేమిటన్నాడు. ఆమె మాట మార్చుకోలేదు. ఆ ఇంట్లో ఆమె కాదనడం అతను వినడం అదే మొదటిసారి.

భూదేవంత ఓర్పు అన్నారు చుట్టాలు. మొగుణ్ణి పోగొట్టినవాడికే అన్నం పెడుతోందని ముక్కున వేలేసుకున్నారు. ఐజాక్ వంగి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. ఆమె నిప్పు తొక్కినట్టు కాళ్లు వెనక్కి లాక్కుని లోపలికి వెళ్లి విస్తరేసింది.

ఆ సాయంత్రం బస్సు కదిలాక, ఇసుక దుమ్ములో చేతులూపుకుంటూ పరిగెత్తుకొస్తున్న మొగుణ్ణి వెనక అద్దంలోంచి చూసి, నాగేశ్వరమ్మ మెల్లగా తెర లాగేసింది.