ఒక్క గీతలో ఆకు

"ఒక్క ఆకు గీయడానికి ఇన్ని నెలలా?" బయల్దేరేటప్పుడు భార్య నవ్వింది.

"తక్కువ గీతలతో గీయడమే కష్టం. నీకు అర్థం కాదులే," అన్నాడు డిజైనర్, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

పెట్టుబడుల కంపెనీకి లోగో. మధ్యలో ఈనె, దాని చుట్టూ ఒకే గీతలో తిరిగిన ఆకు. అంతే. ఇది ఖాయమైతే చెప్పుల షాపులకు బోర్డులు రాసే బాధ తప్పుతుంది.

కంపెనీ హాల్లో కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నలిగిన బట్టలు, ఒళ్లో తెల్ల కాగితాలు, చేతిలో పెన్సిల్. కుండీలోని మొక్కను చూస్తూ ఏదో గీస్తోంది.

అతను ఓరకంట చూశాడు.

ఆవిడ గీస్తున్నదీ ఒక్క ఆకే!

పోటీకి వచ్చిందన్నమాట. చంకలోని ఫైలును ఇంకాస్త బిగించాడు.

"నువ్వూ లోగో పని మీదే వచ్చావా బాబూ?" ఆవిడే పలకరించింది.

"ఆఁ."

"ఏం గీశావో చూడొచ్చా?"

"అలా ముందే చూపించకూడదండీ."

"పోన్లే, నాది చూసి చెప్పు. ఇలా ఒక్క ఆకు పెడితే చాలంటావా?"

వెతకబోయిన అవకాశం ఎదురొచ్చినట్టయింది అతనికి.

"ఆకా? అయ్యో! కూరగాయల కొట్టనుకుంటారండీ."

"మరేం పెట్టాలి?"

"సింహం ఉండాలి. నెత్తిన కిరీటం. వెనకాల సూర్యుడు. అంతా బంగారు రంగు. బొమ్మ ఎంత కిక్కిరిసి ఉంటే జనానికి అంత నమ్మకం."

"నిజంగానా?"

"ఒట్టండీ. ఇన్నేళ్లుగా ఇదే పని నాది."

ఆవిడ తన ఆకును కాసేపు చూసుకుంది. కాగితం చింపి బుట్టలో వేసింది.

అతని మనసు చివుక్కుమంది. పాపం, బాగానే గీసింది.

"నాకు ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు బాబూ," అని అతని భుజం తట్టి, ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

పోటీ అంటే పోటీయే మరి, అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

కాసేపటికి పిలుపు వచ్చింది. జుట్టు సవరించుకుని తలుపు తోశాడు.

పొడవాటి బల్లకు అటూ ఇటూ కోటు వేసుకున్న పెద్దమనుషులు. బల్ల చివర, అన్నిటికన్నా పెద్ద కుర్చీలో ఆవిడ.

"రా బాబూ, రా! ఈ కంపెనీ పెట్టినప్పటి నుంచీ ఆకే కావాలని వీళ్ల ప్రాణాలు తోడేశాను, నీ ఒక్క మాటతో మనసు మార్చుకున్నాను. ఏదీ, ఆ ఫైలు విప్పి నీ సింహాన్ని చూపించు!"