ఆశ్లేష నాలుగో పాదం

ఆ కాగితాన్ని కోడలే తెచ్చి చూపించింది. అదీ నవ్వుకుంటూ.

"అత్తయ్యా, సర్టిఫికెట్ల కోసం పెట్టె వెతుకుతుంటే దొరికింది. నేను పుట్టినప్పుడు మా నాన్న రాయించిన జాతకమట. ఇందులో ఏముందో కాస్త చూసి పెడతారా?"

పెద్దావిడ మంచం మీద నుంచే చెయ్యి చాపింది. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై పన్నెండు రోజులైంది. కళ్లజోడు పెట్టుకుని నాలుగో వరుస దాకా చదివింది. చూపు అక్కడే ఆగింది.

ఆశ్లేష. నాలుగో పాదం.

"ఏముందత్తయ్యా?"

"ఏముంటుంది, తేదీ, వేళ" అని కాగితం మడిచి దిండు కింద పెట్టేసుకుంది.

కోడలు వంటింట్లోకి వెళ్లిందో లేదో, సిద్ధాంతికి ఫోన్ కలిపింది.

"ఆశ్లేషా? తొమ్మిదో నక్షత్రమమ్మా. గుర్తేమో చుట్ట చుట్టుకున్న పాము. అధిదేవతలూ సర్పాలే. ఆ మాటకి అర్థం కౌగిలి. పట్టుకుంటే వదలదన్నమాట" అన్నాడాయన హుషారుగా.

"అత్తకి గండమంటారు కదా?"

"అంటారు. అదంతా మీరు మనసులో పెట్టుకోకండి. పాము విషంలోంచే మందూ తీస్తారు. ఆశ్లేష వాళ్ల చేతిలో వైద్యం ఉంటుందని కూడా చెబుతారు. ఇంతకీ ఏ పాదం?"

"నాలుగు. అన్నిట్లోకీ చెడ్డది అదే కదా!"

"అబ్బో, మీకన్నీ తెలిసినట్టున్నాయే!" అని నవ్వాడు సిద్ధాంతి.

పెద్దావిడ నవ్వలేదు. ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం కొడుకు డ్యూటీ నుంచి రాగానే పిలిచి, తలుపు దగ్గరగా వెయ్యమంది. వాడు బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు వింటే చాలు, రోగమేమిటో చెప్పేస్తాడు. ఇంట్లో చప్పుళ్లు మాత్రం వాడి చెవికెక్కవు.

"నీ పెళ్లాం ఆశ్లేషలో పుట్టిందిరా."

"నాదే నక్షత్రమో నాకే తెలీదు, దానిది నాకెందుకే? నీకోసం కళ్లద్దాల షాపులో నెల రోజులు సెలవు పెట్టుకుని కూచుంది పిచ్చిది. తాడుని చూసి పామనుకుంటే ఎలాగమ్మా!" అని వాడు స్నానానికి వెళ్లిపోయాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర వేసుకోవాలి. ఒక్క పూట మానినా ప్రాణం మీదకొస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పెద్దావిడకి మాత్రలు ఓ పట్టాన గొంతు దిగవు. అందుకని కోడలు నూరి గోరువెచ్చటి పాలలో కలిపి ఇచ్చేది.

"నూరొద్దు. మాత్ర మాత్రగానే ఇవ్వు. షీటులోంచి నా కళ్లముందే తియ్యి" అంది పెద్దావిడ ఆ రోజు.

కోడలు బిత్తరపోయింది. అయినా అలాగే తీసిచ్చి, పాలు విడిగా ఇచ్చింది. పెద్దావిడ ఆ పిల్ల మొహం వంక చూడలేదు, వేళ్ల వంకే చూసింది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి, వేలు కాస్త తడబడినా ఇట్టే పట్టేస్తుంది. మొహాలదేముంది, అవి నవ్వుతూనే ఉంటాయి.

కోడలు అటు తిరగ్గానే మాత్ర ఉమ్మేసి దిండు గలీబులో దాచింది. పాలు మంచం పక్క కిటికీలోంచి పారబోసింది. పాముకి పాలు పోస్తారు గానీ, పామే పాలు తెచ్చిస్తే తాగేదెవరు?

మర్నాడు పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. కోడలు పెద్దావిడ ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చడం చూసి ముక్కున వేలేసుకుంది.

"ఎంత అదృష్టమే నీది! అచ్చం నువ్వు మీ అత్తకి చేసినట్టే చేస్తోంది. ఆవిడ పోయిందీ ఈ మంచం మీదే కదూ? కన్నకూతురు కూడా అంత సేవ చెయ్యదని వీధి వీధంతా చెప్పుకున్నాం."

గోడ మీది ఫోటోలోంచి పెద్దావిడ అత్తగారు మంచం వంకే చూస్తోంది. పక్కింటావిడ వెళ్లాక, ఆ ఫోటో తీసి హాల్లో తగిలించమంది పెద్దావిడ. వెలుతురుకి అద్దం మెరిసి కళ్లలో పడుతోందట.

మాత్ర రోజూ గలీబులోకే పోయింది. ఐదో రోజుకి కాలు దిమ్మలా వాచింది. కోడలు నూనె రాయబోతే తాకనివ్వలేదు. ఆరో రోజు మధ్యాహ్నం నుంచి ఆయాసం. వీపుకి ఎత్తు పెడదామని కోడలు దిండు లాగింది. గలీబులోంచి ఐదు మాత్రలు గచ్చు మీద రాలాయి.

కోడలు వాటిని చూసింది. అత్తగారిని చూసింది. ఒక్క పరుగున ఫోన్ అందుకుంది.

"అంబులెన్సు వస్తోందత్తయ్యా. ఈలోగా ఇవాళ్టి మాత్ర వెంటనే వేసెయ్యమన్నారు డాక్టరుగారు. ఇంత ఆయాసంలో మింగలేరు, నూరి తెచ్చాను. తాగండి."

పెద్దావిడ పళ్లు బిగించింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"మీ కాళ్లు పట్టుకుంటాను. రెండు గుక్కలు. మా అమ్మ తర్వాత అమ్మ మీరే కదా నాకు!" కోడలి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "నేనేం పాపం చేశానని నన్ను చూసి ఇలా భయపడుతున్నారు?"

ఆ కళ్లలో కల్లాకపటం లేదు. అది పెద్దావిడకీ కనిపిస్తూనే ఉంది. అయినా పెదవి విప్పలేదు. గ్లాసులో ఇంకా గిరగిరా తిరుగుతున్న పాలనే చూస్తూ, తల గోడవైపు తిప్పేసుకుంది.

నలభై ఏళ్ల కిందట ఈ మంచం పక్కనే నిలబడి, ఇలాగే కాళ్లు పట్టుకుని కన్నీళ్లతో బతిమాలి, గుప్పెడు మాత్రలు నూరి కలిపిన పాలను అత్తగారి చేత చివరి చుక్క దాకా తాగించిన కోడలిదీ ఆశ్లేష నాలుగో పాదమే.