చాగోని ఇచ్చేశారు

"చాగోని ఎందుకు ఇచ్చేశాడో ఇవాళైనా చెప్తాడా, చెప్పడా?" అంటూ నెరెయిదా రేడియో సౌండు పెంచింది.

ఆ శనివారం పొద్దున ఆమె సెలూన్‌లో ఎవరికీ జుట్టు మీద ధ్యాస లేదు. పెలికన్ల బాస్కెట్‌బాల్ జట్టు మేనేజర్ ఎలియెసెర్, సాన్ హువాన్ నగరం రేడియోలో అభిమానులకు జవాబు చెప్పడానికి కూర్చున్నాడు. పద్నాలుగేళ్లు ఊరి జట్టును భుజాన మోసిన కెప్టెన్ చాగోని, వారం కింద కొండమీది ఊరి జట్టుకు అప్పగించాడతను. పెలికన్ల అభిమానులు మేకలని వెక్కిరించే జట్టది. ఇప్పుడు చాగో ఆ మేకల చొక్కా వేసుకుని ఇక్కడికే వచ్చి ఆడాలి.

దోన్యా ప్రోవి తలనిండా రోలర్లతో అద్దం ముందు కూర్చుని ఉంది. పెలికన్ల ఆట ఒక్కటి కూడా వదలని మనిషి. మ్యాచ్ ఉన్న రోజున ప్రార్థన కాస్త తొందరగా ముగించమని చర్చి ఫాదర్‌నే బతిమాలే మనిషి. వార్త తెలిసినప్పటి నుంచీ ఆమెకు నిద్ర లేదు.

"పోనీ, వాడి బదులు తెచ్చిందెవర్ని?" అంది లుస్, గోళ్ల రంగు ఆరబెట్టుకుంటూ. "మడమ విరిగిన అమెరికావాడొకణ్ణి. కొత్త ఆటగాళ్లను జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాణ్ణి ఎంచుకునే ఛాన్సు మనకే వచ్చిందా, ఫ్లోరిడాలో పెరిగిన ఆ కొబ్బరిచెట్టుని పట్టుకొచ్చారు. వాడు ఫ్రీ త్రో వేస్తే బంతి రింగుకి కాదు, రిఫరీకి తగుల్తుంది. బయటివాడెవడైనా ఈ పని చేస్తే సరే అనుకోవచ్చు. ఎలియెసెర్ ఈ ఊళ్లో పుట్టినవాడే కదే!"

"వీణ్ణి కన్న..." అని మొదలుపెట్టిన తిట్టును నెరెయిదా మధ్యలోనే మింగేసింది. సెలూన్‌లో పెద్దవాళ్లున్నారు మరి.

రేడియోలో మేనేజర్ గొంతు ఎప్పట్లాగే నున్నగా ఉంది. "చాగో గొప్ప ఆటగాడు, కాదనను. కానీ వయసు మీద పడింది. జట్టు భవిష్యత్తు కూడా చూడాలి కదా."

"భవిష్యత్తుట, భవిష్యత్తు!" దోన్యా ప్రోవి ఫోను అందుకుంది.

"వద్దు ప్రోవీ," అంది నెరెయిదా. "ఊళ్లో ఎవరైనా వాణ్ణి తిట్టొచ్చు. నువ్వు మాత్రం వద్దు."

"ఏం? నేను టికెట్ కొనుక్కోవట్లేదా? ఒక్క ఆటైనా ఊరికే చూశానా?"

లైను కలిసింది. రేడియోలో ఆ కార్యక్రమం నడిపే పాపో హుషారుగా అడిగాడు. "మీ పేరు చెప్పండి దోన్యా."

"మిల్తా," అంది తడుముకోకుండా. వెనకాల నెరెయిదా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"మేనేజర్ గారు వింటున్నారు దోన్యా మిల్తా, కానివ్వండి."

"మేనేజర్ గారూ, ఆ పొడుగువాణ్ణి ఎంచుకున్నారు, సరే. మడమ విరిగినవాణ్ణి నెత్తినెక్కించుకున్నారు, అదీ సరే. చాగోకి మాత్రం వెళ్లిపొమ్మని ఎవరు చెప్పారు?"

 

"ఎలియెసెర్, ఉన్నారా?" అన్నాడు పాపో.

"ఉన్నాను." ఆ నున్నదనం ఎటు పోయిందో. "అదీ... సెన్యోరా... ఆఫీసు నుంచి కబురు వెళ్లాల్సింది..."

"నీళ్లు నమలకండి. వెళ్లలేదు. వాడు టైర్ల కొట్టు దగ్గర బండికి గాలి కొట్టించుకుంటుంటే ఎవడో ఆ వార్త ఫోనులో చూపించాడు. పదిమంది చుట్టూ నిలబడి వాడి మొహంలోకే చూశారు. ఆ రోజు నుంచి వాడికి తిండి సయించట్లేదు. వేడివేడిగా కోడి అసోపావ్ జావ పెడితే, చల్లారిపోయేదాకా చెంచాతో కలుపుతూ కూర్చున్నాడు."

పాపో నవ్వాడు. "ఇవన్నీ మీకెలా తెలుసు దోన్యా?"

"చిన్న ఊరు నాయనా. ఎవరింట్లో ఏం ఉడికిందో అందరికీ తెలుసు."

"సెన్యోరా," అన్నాడు మేనేజర్, "మొహమాటాలకు పోతే జట్టు నడవదు. నా కుర్చీలో మీరుంటే ఏం చేసేవారో చెప్పండి."

"నేనూ ఇచ్చేసేదాన్నేమో."

లుస్ నోరు తెరిచింది. దోన్యా ప్రోవి ఆమె వైపు చూడలేదు.

"వాడి మోకాళ్లు అయిపోయాయని నాకు తెలీదా? పోయిన సీజన్ చివర్లో పరుగెత్తలేక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇచ్చేస్తే ఇచ్చేశావు. ఆ ముక్కేదో వాడి గుమ్మం ఎక్కి నీ నోటితో చెప్పావా? నమ్ముకున్నవాణ్ణి వీధిలో నిలబెట్టావు. దానికి మండుతోంది నాకు!"

"దోన్యా, కాస్త మర్యాదగా..." అనబోయాడు పాపో.

"చెప్పనివ్వండి," అన్నాడు మేనేజర్. గొంతు తగ్గించాడు. "రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. భయమేసింది. వాడు ఏడుస్తాడేమోనని భయమేసింది."

సెలూన్‌లో హెయిర్ డ్రయ్యరు ఎవరో ఆపేశారు. దోన్యా ప్రోవి తలలోంచి రోలరొకటి ఊడి ఒళ్లో పడింది. ఆమె దాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఏడిస్తే ఏడవనీ," అంది. "రేపు ప్రార్థన అయ్యాక భోజనానికి రా, వాడి పక్కనే కూర్చుని నీ నోటితో చెప్పు. వాడికంటే ముందు నా కడుపున పుట్టినవాడివి నువ్వే కదా, ఎలియెసెర్."