మొదటి మాట

"నోరు తెరువమ్మా! బోర్డు మీదున్నది చదువుమంటే నా మొఖం చూస్తవేంది?"

జనగామ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన రాజేశ్‌కు ఓపిక అయిపోయింది. బచ్చన్నపేట వయోజన విద్యా కేంద్రంలో ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చదివిస్తున్నాడు. పుస్తకంలోవి అడిగితే బట్టీ పట్టి అప్పజెప్పేస్తున్నారని, అప్పటికప్పుడు సొంతంగా ఒక వాక్యం రాశాడు.

'గణపతి పొద్దున్నే పత్తి చేనుకు పోయాడు.'

చిలుకమ్మ తల దించుకుంది.

పక్కనే నిలబడ్డ అఖిలకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడ పాఠాలు చెప్పేది ఆమే. మొదటిరోజే అందరితో తలా ఒక లక్ష్యం చెప్పించింది. ఒకామె బస్సు బోర్డు చదవాలంది. ఇంకొకామె మందుల చీటీ అంది. చిలుకమ్మ మాత్రం మహిళా సంఘం లీడర్‌నవుతానంది. చదువొచ్చినవాళ్లే లీడర్ కావాలని సంఘం కట్టుబాటు. ఎన్నిక రేపే. ఈ పరీక్ష పోతే నోటికాడి ముద్ద జారిపోయినట్టే.

"గా ముందటి మాట ఇడిసిపెట్టి మిగిలింది సదువుతా సారూ" అంది చిలుకమ్మ. అనడమే కాదు, గడగడా చదివేసింది.

రాజేశ్‌కు ఒళ్లు మండింది. "ఒత్తులున్న మాటలొచ్చినయి. ఒత్తుల్లేని మాట రాదా?"

"సార్, జర నా మాట వినుండ్రి..." అఖిల కల్పించుకుంది.

"సాకులొద్దు. ఆ ఒక్క మాట నువ్వు చదువు, నీ వెనక ఆమె అంటది. పాస్ చేస్తా."

ఇంతకన్నా అగ్గువగా, చవగ్గా దొరికే పాసు లోకంలో ఉండదు. డిగ్రీ చదివిన అఖిల బోర్డు వైపు చూసింది. చిలుకమ్మ వైపు చూసింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

"అది కాదు సార్..."

రాజేశ్ వినలేదు. తల కొట్టుకున్నాడు. "పంతులమ్మకే రాకపోతే ఇంకేం నేర్పుతవు తల్లీ!" ఫెయిల్ అని రాసి, బండెక్కి పోయాడు.

అఖిల డస్టర్ తీసి గోడకేసి కొట్టింది. ఆ సారు మీద కోపం, తన మీద అంతకన్నా కోపం.

"ఒక్కసారి అంటే ఏం పోయేది?"

"మరి నువ్వెందుకు అనలే?" అంది చిలుకమ్మ.

ఇద్దరూ ఇల్లు చేరేసరికి వాకిట్లో కూర్చున్న గణపతి, చిలుకమ్మను చూసి, "ఏమే, మన కోడలు చెప్పిన సదువుకు పాసయినవా?" అన్నాడు.