వెనక సీటు

"నువ్వు తొక్కట్లేదు విమలా," అన్నాడు దేవకుమార్ వెనక్కి తిరగకుండానే.

"తొక్కకపోతే ఇక్కడిదాకా ఎలా వచ్చామండీ?"

"నేను లాక్కొచ్చాను."

విమలకుమారికి ఒళ్లు మండింది. అది ఇద్దరు తొక్కే సైకిల్. ముందు సీట్లో అతను, వెనక సీట్లో ఆమె. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు అన్నీ అతని చేతిలోనే. ఆమెకి ఉన్నవల్లా రెండు పెడల్స్, ఎదురుగా మొగుడి వీపు. ఆమె ఎంత తొక్కినా ఆ వీపుకి కనపడదు.

వాచంగ్ కొండ మొదట్లో ఆగారు. అక్కణ్ణుంచి మైలు పొడవునా రోడ్డు పైకే. వెనకాల తన స్టేషన్ వాగన్ కార్లో మంచినీళ్ల సీసాలు పెట్టుకుని దైవాశీర్వాదం కూర్చుని ఉన్నాడు. వాళ్ల చర్చి ట్రెజరర్.

"రూల్ మళ్లీ చెప్తున్నా," అన్నాడు దేవకుమార్. "ఇవాళ ఆగకుండా పైకెక్కితే జూన్‌లో చర్చివాళ్ల సైకిల్ రైడ్‌కి వెనక సీటు నీదే. లేకపోతే ఆశీర్వాదం కూర్చుంటాడు. నువ్వు బిరియానీ గిన్నెలతో చర్చి వాన్‌లో వచ్చెయ్. రైడ్ జరిగే పోకనోస్ కొండలు దీనికి రెట్టింపు. అక్కడ లగేజీ మోయడం నా వల్ల కాదు."

"లగేజీనా? గుంటూరు నర్సింగ్ స్కూల్‌కి మూడేళ్లు సైకిల్ మీదే వెళ్లాను నేను."

"గుంటూర్లో కొండలెక్కడున్నాయి?"

"పోయిన వారం ఈ కొండ సగంలో దిగిపోయింది ఎవరు?"

"నేనే. నిన్ను లాగి లాగి. అందుకేగా గేర్ మార్చింది." అతను వంగి వెనక చక్రం దగ్గర మెరుస్తున్న కొత్త పళ్లచక్రాన్ని చూపించాడు. "పాతదానికి ఇరవై ఎనిమిది పళ్లు. దీనికి ముప్పై నాలుగు. పళ్లు పెరిగితే కొండ తేలికవుతుంది. షాపులో దీన్ని గ్రానీ గేర్ అంటారు. అమ్మమ్మల గేర్. నీ కోసమే కొన్నాను."

"నేను అడిగానా? పైగా నా కోసమని చర్చిలో అందరికీ చాటింపు ఎందుకు?"

"ఉన్నమాటేగా."

షాపువాడి చేతికి ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదు. ముందు పెడల్స్ నుంచి వెనక పెడల్స్‌కి ఒక చైన్, అక్కణ్ణుంచి చక్రానికి ఇంకో చైన్. అతని తొక్కుడు కూడా ఆమె పెడల్స్ మీదుగానే చక్రానికి చేరాలి. శనివారమంతా గరాజ్‌లో కూర్చుని ఆ రెండూ ఊడదీసి, కొత్త పళ్లచక్రం వేసి, మళ్లీ అన్నీ తనే బిగించాడు. సాయానికి వచ్చిన విమలకుమారిని టార్చిలైట్ పట్టుకోమన్నాడు.

బయల్దేరారు. వాలు మొదలవగానే దేవకుమార్ గేర్ మీట లాగాడు. కింద ఏదో టక్కుమంది.

"అదీ, పడింది గేర్," అన్నాడు. పది గజాలు పోయాక, "అబ్బ, దూదిలా తిరుగుతోంది. ఏమంటావ్?" అన్నాడు.

విమలకుమారి తొడల్లో ఒక్కసారిగా బరువు దిగింది.

"నాకు బరువెక్కిందండీ."

"సైకిల్ ఒకటే, గేర్ ఒకటే. నాకు తేలికైంది నీకు బరువెలా అవుతుంది? ఇన్నాళ్లూ ఊరికే కాళ్లాడించావు. ఇవాళ నిజంగా తొక్కుతున్నావు. అందుకే తెలుస్తోంది."

జవాబివ్వడానికి ఆమెకి ఊపిరి చాల్లేదు. అనాలనుకున్నదంతా పెడల్స్ మీద వేసి తొక్కింది. లగేజీ. ఒక తొక్కుడు. అమ్మమ్మ. ఇంకో తొక్కుడు. బిరియానీ గిన్నెలు. ఇంకోటి. చెమట కళ్లలోకి కారి మండుతోంది. ముందు సీట్లోంచి ఊపిరి ఎలా తీసుకోవాలో పాఠం వినిపిస్తోంది. అతని గొంతులో అలుపు లేదు.

వెనకనించి హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఎదురుగా కార్లు వస్తున్నాయి. ఇరుకు రోడ్డు మీద పక్కకి రావడానికి ఆశీర్వాదానికి చోటు లేదు.

"మనల్ని చీర్ చేస్తున్నాడు," అని దేవకుమార్ చెయ్యి ఊపాడు.

సగం దూరంలో ఒక్క క్షణం కాళ్లు ఆపేద్దామనిపించింది విమలకుమారికి. ఆపితే అతని మాటే నిజమవుతుంది. పళ్లు బిగించి తొక్కింది.

కొండ మీదికి చేరాక ఆమె సైకిల్ దిగింది. రోడ్డు పక్క ఇనప రెయిలింగ్ మీద కూలబడింది. దేవకుమార్ వాచీ చూసుకున్నాడు. అతని చొక్కా ఇస్త్రీ కూడా చెదరలేదు.

"పన్నెండు నిమిషాలు. నాకు చెమటే పట్టలేదు. నిన్ను చూడు, ఎలా రొప్పుతున్నావో."

"ఆగకుండా ఎక్కాం. మాటిచ్చారు."

"ఎక్కించింది నేను విమలా. ఈ చిన్న కొండకే ఇలా అయిపోతే పోకనోస్‌లో ఏం చేస్తావు? వాన్‌లో రా. హాయిగా ఉంటుంది."

"మీరు పరలోకానికి వెళ్లినా నన్ను మీరే మోసుకొచ్చినట్టు చెప్తారు," అంది ఆమె. "ఇచ్చిన మాటకి విలువ లేదు, పడ్డ కష్టానికి విలువ లేదు. నిలబెట్టుకోలేనివారు అసలు రూల్ ఎందుకు పెట్టారు?"

అతను వినిపించుకోలేదు. స్టేషన్ వాగన్ వచ్చి ఆగింది. దైవాశీర్వాదం దిగాడు. చేతులు రెండూ నల్లటి గ్రీజు.

"ఆశీర్వాదం, జూన్‌కి రెడీగా ఉండు," అన్నాడు దేవకుమార్. "వెనక సీటు నీదే."

"ఆ సీటు నా వల్ల కాదు బ్రదర్," అన్నాడు దైవాశీర్వాదం, చేతిలోంచి వేలాడుతున్నదాన్ని పైకెత్తి చూపిస్తూ. "మీ పెడల్స్‌ని సిస్టర్ పెడల్స్‌కి కలిపే చైన్ ఇది. కొండ మొదట్లోనే ఊడి రోడ్డు మీద పడిపోయింది."