బావ బోర్డుకు చివరి పరీక్ష

లోకంలోని సమస్త ఇంజనీర్లకూ ముందుగా సాష్టాంగ క్షమాపణలు. ఇది చదివి మీ మనసు నొచ్చుకుంటే ఆ పాపం నాది కాదు, లాజిక్ ఎనలైజర్‌ది.

మా కంపెనీలో బావ రెండేళ్లు కూర్చుని చేసిన సర్క్యూట్ బోర్డుకు, సిగ్నళ్లను తెరమీద గీతలుగా చూపే ఆ యంత్రాన్ని తగిలించే పని నాకిచ్చారు. సిగ్నళ్లు శుభ్రంగా వస్తే బోర్డు తయారీకి వెళ్తుంది. రాకపోతే బావ ఇంటికి వెళ్తాడు.

దాని ఎనిమిది క్లిప్పులూ బోర్డు పిన్నులకు పెట్టి మీట నొక్కాను. తెరమీద గీతలు పిచ్చిపట్టినట్టు గెంతాయి.

"ఏంటయ్యా ఇది, కోడి కెలికినట్టుంది?" అన్నాడు మేనేజరు.

బావ నావైపు తిరిగాడు. "అన్నీ సరిగ్గా తగిలించావట్రా?"

"తగిలించాను బావా."

"నువ్వు చెప్పాక ఇంకేముందిలే." వెళ్లి సొరుగు ఖాళీ చేసుకున్నాడు.

సాయంత్రం సామాను సర్దుతుంటే యంత్రం తొమ్మిదో తీగ, గ్రౌండు తీగ, ఊరికే వేలాడుతూ కనిపించింది. అది తగిలించకపోతే మిగతా ఎనిమిదీ చెప్పేదంతా అబద్ధమే. తగిలించి మళ్లీ నొక్కాను. గీతలన్నీ బుద్ధిగా నిలబడ్డాయి.

అంతలో అక్క ఫోన్ చేసింది. "మీ బావ గోడవంక చూస్తూ కూర్చున్నారురా. నిజంగా బోర్డుదే తప్పా?"

"బోర్డుదేనక్కా."

నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. నేను చేసింది ఒక్కటే. ఆ మంచి గీతల్ని చెరిపేశాను.