బిరడా చెడిన సీసా

“ముందు నువ్వు చెప్పమ్మా,” అన్నాడు తండ్రి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని.

ముప్పై ఏళ్ళుగా స్పెయిన్ ఎర్ర వైన్లు రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషి. తను చెప్పేదాకా ఎవర్నీ నోరు మెదపనిచ్చేవాడు కాదు. ఈ మధ్యే కూతురిని ముందు చెప్పమంటున్నాడు. తన ముక్కు మీద నాన్నకు గురి కుదిరిందని ఆమె మురిసిపోతూ వచ్చింది.

ఈ సీసాకి బిరడా చెడి, లోపలి వైన్ పాడైంది. గ్లాసెత్తగానే తడిసిన అట్టపెట్టె కంపు. ఆయన్ని ఆటపట్టిద్దామని, “చెర్రీపండు వాసన, నాన్నా!” అంది. తిట్లు పడతాయని నవ్వాపుకుంటూ చూసింది.

“అవును, చెర్రీయే. వెనకాల కాస్త కొత్త తోలు కూడా.” రుచి చూసినప్పుడల్లా చేసేట్టే పుక్కిలించి బకెట్లో ఉమ్మాడు.

ఆమె తన గ్లాసు మళ్ళీ వాసన చూసింది. అదే కంపు. “ఎన్నాళ్ళ నుంచి, నాన్నా?”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “మొన్నటి జలుబు తగ్గింది గానీ, వాసన తిరిగి రాలేదమ్మా.”

ఆమె ఆ వైన్ పారబోసి, మంచి సీసా తెరిచి, ఇద్దరికీ పోసింది. గ్లాసులోకి వంగింది.

“బాగా మగ్గిన ప్లమ్ పండు ఉంది, నాన్నా. ఎండు పొగాకు ఉంది. పాత చెక్కపెట్టె మూత తీసినట్టుంది...”

తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

“మెల్లగా చెప్పమ్మా.”